పక్కన పడేసిన యుద్ధాలు

పాత వంతెన దగ్గర ఆ ఉదయానికే కొన్ని వేల యుద్ధాలు జరిగిపోయాయి. ఒక్కదాంట్లోనూ రక్తపు బొట్టు రాలలేదు. అన్నీ సైనిక స్థావరంలో నేల కింద ఉన్న ఒక గదిలో, బీరువాలంతేసి కంప్యూటర్ల కడుపులో జరిగాయి. వాటిని జరిపించేది లెక్కలమ్మ.

ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆ భవనంలో ఎవరికీ పట్టదు. నలభై దాటిన మనిషి. గణితంలో పెద్ద చదువు చదివింది. యుద్ధాన్ని ముందే కంప్యూటర్లో ఆడించి చూసే ప్రోగ్రామును ఆమే, ఆమె పై అధికారి అయిన డైరెక్టరూ కలిసి పునాది నుంచి కట్టారు. నది లోతు, ఒడ్డున బురద, మన బలం, అవతలివాళ్ల బలం ఎంతని గూఢచారులు తెచ్చిన అంచనా, గాలి, వాన, మంచు అన్నీ దానికి తినిపించాలి. అది ఒకే యుద్ధాన్ని వేల సార్లు ఆడుతుంది. ఒకసారి మొదటి పడవ మునుగుతుంది, ఇంకోసారి మునగదు. ఒకసారి ఫిరంగి గురి తప్పుతుంది, ఇంకోసారి తప్పదు. అంతా అయ్యాక వందకి ఎన్ని గెలిచామో ఒక్క అంకె తెర మీద వేస్తుంది. ఏం చెయ్యాలో అది చెప్పదు, చెప్పాల్సింది జనరల్. కాకపోతే ఈమధ్య ఆ అంకె చూడందే జనరల్ ఏ ఆదేశం మీదా సంతకం పెట్టడం లేదు.

అధికారులు దానికి జోస్యుడని పేరు పెట్టారు.

"ఏమంటాడు మన జోస్యుడు? నిద్ర లేచాడా?" అంటూ మేజర్ తలుపు తోసుకుని వచ్చాడు. జనరల్ గదికీ ఈ గదికీ మధ్య తిరిగే మనిషి ఆయనే. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అని నవ్విస్తే తప్ప పోడు.

"లేచాడు గానీ ఇవాళ మరీ ఒళ్లు బరువుగా ఉన్నట్టుంది," అంది లెక్కలమ్మ. "వాతావరణం మారిందని మళ్లీ ఆడిస్తున్నాను. ఇంతవరకు నిన్నటి అంకెలే. పాత వంతెనకి ఎనభై రెండు, నది మలుపుకి అరవై మూడు."

"మరింకేం. ఎనభై రెండు మార్కులొస్తే మా నాన్న నన్ను సైన్యంలోకి పంపేవాడే కాదు. మూడింటికి సంతకం. తెల్లారగట్ల దాటడం. ఈలోగా ఆ అంకె కిందకి జారకుండా పట్టుకో, చాలు."

నదికి అవతల శత్రువు ఉన్నాడు. దాటడానికి రెండే చోట్లు. ఒకటి పాత వంతెన. సగం విరిగింది, ఇంజనీర్లు ఇనుప పలకలు పరిచి నిలబెట్టారు. దాని మీదుగా పెద్ద బలగం ఒక్క ఊపున పోవచ్చు. రెండోది నది మలుపు. అక్కడ పడవల మీద దాటాలి. ఒడ్డు బోడిగా ఉంటుంది, తల దాచుకోవడానికి రాయి కూడా లేదు. పాత వంతెన దగ్గర దాటితే, మలుపు పక్కన కొండ మీదున్న మన బెటాలియన్‌కి పనే లేదు, వెనక కాపుగా కూర్చోవడమే. మలుపు దగ్గరైతే అదే బెటాలియన్ అందరికన్నా దగ్గర. మొదటి పడవలు వాళ్లవే.

ఆ బెటాలియన్‌లో ఒక కంపెనీకి కెప్టెన్ లెక్కలమ్మ తమ్ముడు.

అందుకే ఎనభై రెండు అన్న అంకె తెర మీద మొదటిసారి వెలిగినప్పుడు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? లెక్క లెక్కే, అదృష్టం అదృష్టమే.

పదకొండింటికి టీ తాగడానికి పైకి వచ్చింది. కింద గదిలోకి ఫోన్లు తేకూడదు, గుమ్మం దగ్గర పెట్టెలో వదిలి వెళ్లాలి. తీసి చూసేసరికి మరదలు నాలుగుసార్లు చేసి ఉంది.

"వదినా, ఏదైనా తెలిసిందా?" అంది మరదలు, హలో కూడా అనకుండా.

"తెలిసినా చెప్పకూడదమ్మా. నీకు తెలియనిదేముంది."

"ఆయన నిన్న మాట్లాడారు. కొండ మీద కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నాం, ఒళ్లు పెరుగుతోంది, వచ్చేసరికి బట్టలు పట్టవు అన్నారు. నిజమేనా, నా దగ్గర కబుర్లు చెబుతున్నారా?"

లెక్కలమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది. "వాడు చిన్నప్పటి నుంచి కబుర్లరాయుడే. కానీ ఒళ్లు పెరగడం మాత్రం నిజమై ఉంటుంది."

అటువైపు మరదలు చాలా రోజుల తర్వాత నవ్వింది. "చాలు వదినా. ఇవాళ అన్నం సహిస్తుంది."

కిందికి దిగేసరికి గదిలో ఫ్యాన్ల హోరు ఇంకా పెరిగింది. నది మలుపు లెక్క ఎప్పుడో అయిపోయింది. పాత వంతెన లెక్క మాత్రం సగంలోనే ఉంది. రెంటికీ ఇచ్చింది అవే కంప్యూటర్లు, అవే వేల ఆటలు. ఒకటి పరుగెత్తి, ఇంకోటి కుంటడమేమిటి? ఏదో యంత్రం వేడెక్కి మొరాయిస్తోందనుకుని ఒక్కోదాన్నీ తడిమి చూసింది. అన్నీ చల్లగానే ఉన్నాయి. అప్పుడు, ఏ ఆట ఎంతసేపు తీసుకుంటోందో చూద్దామని తెర తెరిచింది. చాలా ఆటలు చిటికెలో ముగుస్తున్నాయి. కొన్ని మాత్రం ఒక్కో ఆటకి ఇచ్చిన గడువంతా తినేసి, చివరికి ముగియకుండానే ఆగిపోతున్నాయి.

ఆగిపోయినవాటిని ఏం చెయ్యాలో వాళ్లకి ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాము కొత్తగా రాస్తున్న రోజుల్లో తప్పులు బోలెడు దొర్లేవి. పడవ ఒడ్డులో ఇరుక్కునేది, సైనికుడు గోడ చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండిపోయేవాడు, ఆట వేలాడిపోయేది. వేలాడినదాన్ని లెక్కలో కలిపితే అంకె పాడవుతుందని, గడువు దాటితే తీసి పక్కన పడెయ్యమని ప్రోగ్రాముకే నేర్పేశారు. ఆ తర్వాత తప్పులు ఒక్కోటీ దిద్దారు. పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. పక్కన పడేసినవాటిని 'వేలాడినవి' అంటారు. ఎవరూ తెరిచి చూడరు. పాడైపోయిన ఆటలో చూడ్డానికేముంటుంది?

లెక్కలమ్మ ఎన్ని వేలాడాయో చూసింది. మలుపు దగ్గర వందకి మూడు. పాత వంతెన దగ్గర వందకి నలభై.

ఆమె ఒకదాన్ని తెరిచి బొమ్మగా ఆడించింది. మన బలగం నీలం చుక్కలు, ఒక్కో చుక్క పదిమంది. చుక్కలు వంతెన దాటాయి. సగం దాటాక అవతలి ఫిరంగి గుండు తగిలి వంతెన కూలింది. అవతలి ఒడ్డున పడ్డ నీలం చుక్కలు కొంతదూరం ముందుకు పోయి ఆగాయి. ఆ తర్వాత ఏమీ జరగలేదు. శత్రువుల ఎర్ర చుక్కలు చుట్టూ చేరాయి. నీలం చుక్కలు నీళ్ల అంచున గుంపుగా నిలబడి మిణుకుమిణుకుమంటూ ఉండిపోయాయి. ఇంకోటి తెరిచింది. అదే. ఇంకోటి. అదే.

ఇది ప్రోగ్రాము పాడవడం కాదు. దళానికి వాళ్లు నేర్పినవి రెండే పనులు. బలం ఉంటే ముందుకు పో, బలం చాలకపోతే వెనక్కి రా. ముందుకు బలమూ, వెనక్కి దారీ లేకపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. అందుకని ఆ చుక్కలు ఎక్కడివక్కడ నిలబడి, గడువు అయిపోయేదాకా ఎదురు చూస్తున్నాయి. గడువు కాగానే, అసలు ఆ యుద్ధం జరగనే లేదన్నట్టు ప్రోగ్రాము వాటిని తీసి అవతల పడేస్తోంది.

ఆమె చేత్తో లెక్క వేసింది. పాత వంతెన దగ్గర నూరు యుద్ధాల్లో నలభై నది ఒడ్డున వేలాడాయి. ముగిసినవి అరవై. వాటిలో గెలిచినవి నలభై తొమ్మిది. అరవైకి నలభై తొమ్మిది గనక తెర మీద ఎనభై రెండు వెలిగింది. నూటికి చూస్తే గెలుపు సగం కూడా లేదు. మలుపు దగ్గర వేలాడేవి దాదాపు లేవు, పారిపోయి రావడానికి పడవలుంటాయి. అక్కడ నూటికి అరవై ఒకటి నికరంగా గెలుపే.

అంటే మలుపే మేలు.

అంటే మొదటి పడవల్లో తమ్ముడు.

మలుపు దగ్గర గెలిచిన యుద్ధాలు కూడా తెరిచి చూసింది. చూడకుండా ఉండాల్సింది. గెలిచినవాటిలో కూడా, మొదట దాటిన చుక్కల్లో సగానికి సగం ఆరిపోతున్నాయి.

డైరెక్టరుది పక్కనే అద్దాల గది. జుట్టు పూర్తిగా నెరిసిన మనిషి. ఆమెకి పని నేర్పింది ఆయనే. ఆమె చెబుతున్నంతసేపూ బల్ల మీది పెన్సిలు ఒకటే చెక్కుతూ కూర్చున్నాడు. చెప్పడం పూర్తయ్యాక తలెత్తాడు.

"తలుపెయ్యమ్మా."

వేసింది.

"లెక్క సరిగ్గా వేశావా అని అడగను. నువ్వు వేస్తే సరిగ్గానే ఉంటుంది," అన్నాడు. "ఆ పద్ధతి పెట్టింది మనమిద్దరమే. గుర్తుందా? నువ్వు వద్దన్నావు. ముందు పని కానియ్యి, తర్వాత చూద్దాం అన్నాను."

"ఎవరు పెడితే ఏం సార్. మూడింటికి సంతకం."

"అది కాదు నేను చెప్పేది. ఇప్పుడు వెళ్లి ఈ ఎనభై రెండు తప్పని చెబితే, జనరల్ మొదట అడిగేదేమిటి? మరి కిందటి నెల ఇచ్చిన అంకెల సంగతేమిటి, అంతకుముందువాటి సంగతేమిటి అని అడుగుతాడు. ఆ యుద్ధాలకి పోయినవాళ్లలో తిరిగి రానివాళ్లున్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుందా?"

ఆమెకి ఆ ఆలోచనే తట్టలేదు.

"పైగా, ఆఖరి గడియలో ప్లాను మారిస్తే ఆ హడావిడికి పోయే ప్రాణాలు వేరు. అవి నీ లెక్కలో లేవు," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. మలుపు దగ్గర ముందు దాటేది ఎవరో నీకు తెలుసు. నాకూ తెలుసు. ఇన్నాళ్లూ ఆ సంగతి నేను నోరెత్తి అనలేదు. ఇవాళ మనం నోరు మూసుకుంటే బాగుపడేది నేనొక్కణ్నే కాదు."

ఆయన బెదిరించలేదు. జాలిగానే అన్నాడు. అదే ఆమెకి భరించరానిదిగా ఉంది.

బాత్రూంలోకి వెళ్లి ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. అద్దంలో తనను తాను చూసుకోకుండా తువ్వాలుతో తుడుచుకుంది. కంప్యూటర్లు ఇవాళ మందకొడిగా ఉన్నాయి, లెక్క పూర్తి కాలేదు అంటే చాలు. పాత అంకె మీద సంతకం అయిపోతుంది. అది అబద్ధం కూడా కాదు. తమ్ముడు కొండ మీద గోళ్లు గిల్లుకుంటాడు. మరదలికి అన్నం సహిస్తుంది. నీళ్ల అంచున నిలబడిపోయే ఆ చుక్కలెవరో ఆమెకి తెలియదు. వాళ్ల అక్కలెవరో తెలియదు. తెలియకపోవడం ఎంత సుఖం. తెర మీద చుక్కలు మిణుకుమనడమే కళ్ల ముందు కదలాడుతోంది గానీ, లేకపోతే అది ఎంత సులువైన పని.

బయటికి వచ్చి మెట్లెక్కింది. ఎక్కుతున్నానని తెలిసేలోపే జనరల్ గది ముందుంది.

"ఏంటి లెక్కలమ్మా, నువ్వే వచ్చావు? జోస్యుడు అలిగాడా?" అన్నాడు మేజర్. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైంది?"

"రెండు నిమిషాలు కావాలి. జనరల్‌తో."

"భోంచేస్తున్నారు."

"భోజనం చల్లారినా ఫరవాలేదు సార్."

మేజర్ తలుపు తీశాడు.

జనరల్ కిటికీ దగ్గర నిలబడి రొట్టె తింటున్నాడు. బల్ల మీద పటం పరిచి ఉంది, దాని మీద పడకుండా చేతి కింద ప్లేటు పట్టుకున్నాడు. ఆమె చెప్పింది. ప్రోగ్రాము మాటలు ఒక్కటీ వాడలేదు. ముగిసిన యుద్ధాలే లెక్కపెట్టాం, ముగియనివి పక్కన పడేశాం, ముగియనివి వందకి నలభై అని చెప్పింది. ఆయన ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ముగియనివాటిలో నావాళ్లకి ఏమవుతుంది?"

"మా ప్రోగ్రాముకి తెలియదు సార్. దానికి మేం నేర్పలేదు."

"నాకు తెలుసు," అన్నాడు జనరల్.

వెనకాలే మెట్లెక్కి వచ్చిన డైరెక్టరు గుమ్మంలో ఆగి ఉన్నాడు. జనరల్ ఆయన వైపు చూశాడు.

"మీరేమంటారు?"

డైరెక్టరు నేల వైపు చూశాడు. తర్వాత తలెత్తాడు. "ఆమె లెక్క సరైనదే సార్."

"కిందటి నెల అంకెలు?"

"అవీ అలా వేసినవే."

అరుస్తాడేమో అనుకుంది లెక్కలమ్మ. ఆయన అరవలేదు. "ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీరు, నేను. నేనూ అడగాల్సింది, అడగలేదు," అని పటం మీదకి వంగాడు. వేలితో నది వెంట వచ్చి మలుపు దగ్గర ఆపాడు. "ఇక్కడ ముందు ఎవరు?"

"కొండ మీది బెటాలియన్ సార్," అన్నాడు మేజర్. ఒక్క క్షణం తటపటాయించాడు. "ఈవిడ తమ్ముడు అందులో కెప్టెన్."

జనరల్ వేలు పటం మీద నుంచి కదల్లేదు. తల మాత్రం ఎత్తి ఆమెని చూశాడు. ఆ చూపులో మొదటిసారి ఆమె లెక్కలు చెప్పే మనిషిలా కాక, ఎవరి అక్కో ఒకరిలా కనిపించి ఉంటుంది.

"తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను సార్."

"ఒక్క మనిషిని వెనక్కి పిలిపించడం నాకు ఒక్క ఫోనుతో పని. ఆఫీసు పని మీద అంటే ఎవరూ ఏమీ అనుకోరు."

ఆమె గొంతులో 'పిలిపించండి' అన్న మాట సిద్ధంగా ఉంది. బయటికి వచ్చింది వేరే మాట.

"వాడి బదులు ఇంకొకర్ని పెడతారు కదా సార్."

"పెట్టక తప్పదు."

"అయితే వద్దు."

జనరల్ తల పంకించాడు. ఫోను అందుకున్నాడు, ఆ ఫోను ప్లానుని మలుపుకి మార్చడానికి. గది ఒక్కసారిగా మనుషులతో నిండిపోయింది. ఆమె గోడ వారన నడుచుకుంటూ బయటికి వచ్చి, నడవాలో బెంచీ మీద కూలబడింది.

సాయంత్రం గుమ్మం దగ్గర పెట్టెలో ఫోను మోగుతూనే ఉంది. మరదలు. ఆమె ఎత్తలేదు. మోగడం ఆగేదాకా దాని పక్కనే నిలబడింది.

మర్నాడు పొద్దున్న కింద గదిలో కంప్యూటర్లు ఆపేసి ఉన్నాయి. ఫ్యాన్ల హోరు లేకపోయేసరికి ఆ గది వేరే ఎవరిదో అన్నట్టుంది. నిజంగా యుద్ధం జరుగుతున్నప్పుడు జోస్యుడికి పనేమీ ఉండదు. డైరెక్టరు వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ఆయన మంచినీళ్ల గ్లాసు ఆమె ముందు పెట్టాడు. తాగకపోతే, ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

మేజర్ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. ఈసారి తలుపు తట్టి వచ్చాడు. అది చూసి ఆమె కుర్చీలోంచి లేచింది.

"దాటారు," అన్నాడు. "అవతలి ఒడ్డు మనది. మీవాడు బతికే ఉన్నాడు లెక్కలమ్మా. భుజంలో తగిలింది. ఆసుపత్రికి తెస్తున్నారు."

"మిగతావాళ్లు?"

మేజర్ టోపీ తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"పాత వంతెన?" అడిగాడు డైరెక్టరు.

"పారిపోతూ వాళ్లే పేల్చేసి పోయారు. మనవాళ్లు దాని మీద ఉంటే ఎప్పుడు పేల్చేవాళ్లో, అసలు పేల్చేవాళ్లో లేదో... అది ఇక ఎవరు చెబుతారు."

ఆసుపత్రి వార్డులో తమ్ముడిది కిటికీ పక్క మంచం. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా కట్టు. అప్పటికే మరదలు వచ్చి, ఏడ్చి, డాక్టరుతో మాట్లాడ్డానికి వెళ్లింది. అక్కని చూసి తమ్ముడు నవ్వబోయాడు.

"చెయ్యి ఉందిలే అక్కా. చిన్నప్పుడు నువ్వు మెలిపెట్టినదానికన్నా తక్కువే నొప్పి."

"నేనెప్పుడు మెలిపెట్టానురా?"

"క్యారమ్స్ ఓడినప్పుడల్లా. ఓటమి తట్టుకునేదానివా నువ్వు?"

ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది. అతను పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వు ముఖం మీద నుంచి మెల్లగా దిగిపోయింది.

"మా సార్జెంటు పోయాడు. మేమంతా బాబాయి అని పిలిచేవాళ్లం. నేను సైన్యంలో చేరినప్పుడు బూట్ల తాళ్లు సరిగ్గా కట్టుకోవడం నేర్పింది ఆయనే. పడవలో నా ముందు కూర్చున్నాడు. నేను ముందు కూర్చుంటానంటే, నువ్వు పొడుగు, నీ వెనకాల నాకేం కనిపించదు, జరుగు అన్నాడు." ఆగాడు. "మధ్యాహ్నం దాకా పాత వంతెనన్నారు అక్కా. కొండ మీద పేకాడుకుంటున్నాం. బాబాయి గెలుస్తున్నాడు. ఉన్నట్టుండి మలుపన్నారు. ఎవడు మార్చాడో వాణ్ని ఒక్కసారి చూడాలనుంది. ఏమీ చెయ్యను. ఊరికే చూడాలి."

చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. జనరల్ చెప్పడు, మేజర్ చెప్పడు. లెక్కలమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"చూడరా మరి. నేనే."

అతను తల తిప్పాడు. ఆమె చెప్పింది. జనరల్‌కి చెప్పినట్టే, అవే మాటల్లో చెప్పింది. ఫోను సంగతి కూడా దాచలేదు. వెనక్కి పిలిపిస్తానంటే వద్దన్నానని చెప్పింది. పక్క మంచం మీద ఎవరో నిద్రలో మూలుగుతున్నారు.

"పిలిపించి ఉంటే నేను జన్మలో నీతో మాట్లాడేవాణ్ని కాదు," అన్నాడు చివరికి. "పిలిపించలేదు గనక ఇప్పుడేం మాట్లాడాలో తెలియట్లేదు."

"ఏమీ మాట్లాడకు."

"పాత వంతెన దగ్గరైతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్లు. అంతేగా? నిజమేగా?"

ఆమె అతని దుప్పటి అంచు సరిచేసింది.

"నిజమని చెప్పు అక్కా. ఒక్క మాట. నేను బాబాయి ఇంటికి వెళ్లాలి. ఆయన భార్య ముఖం చూడాలి. వీళ్లు పోవడం వల్ల అంతకు పదింతలమంది బతికారని చెప్పాలి. నిజమని నువ్వు చెబితే నేను చెప్పగలను."

అతని కళ్లలో చిన్నప్పటి తమ్ముడున్నాడు. చీకటంటే భయపడి, గదిలో ఎవరూ లేరని చెప్పమని అడిగే తమ్ముడు. అప్పుడైతే వెళ్లి చూడకుండానే లేరని చెప్పేసేది.

"తెలియదురా," అంది. "నా ప్రోగ్రాములో యుద్ధం వేలసార్లు జరుగుతుంది. బయట ఒక్కసారే జరుగుతుంది. జరగనిదాంట్లో ఎంతమంది పోయేవాళ్లో నేను ఒట్టేసి చెప్పలేను. నాకు తెలిసినంతలో ఇదే మేలనిపించింది. అంతవరకే చెప్పగలను."

"అంతవరకే అని ఆవిడతో ఎలా చెప్పనక్కా?"

"నువ్వు చెప్పకు. నేను వస్తాను."

భుజం కట్టు విప్పకముందే, డాక్టరు అటూ ఇటూ తిరగొచ్చు అన్న రోజున ఇద్దరూ వెళ్లారు. సార్జెంటు ఇల్లు ఒక పాత అపార్టుమెంటులో మూడో అంతస్తు. లిఫ్టు పని చెయ్యడం లేదు. మెట్ల మీద ఎవరింట్లోనో కుక్కర్ విజిలేసింది. ఒక అంతస్తులో పిల్లల సైకిలు దారికి అడ్డంగా పడి ఉంటే, తమ్ముడు ఒంటి చేత్తో పక్కకి జరిపాడు. తలుపు ముందు నిలబడి బెల్లు కొట్టడానికి చెయ్యెత్తి దించేశాడు. లెక్కలమ్మే కొట్టింది.

తలుపు తీసినావిడ యాభై దాటిన మనిషి. చేతికి పిండి అంటి ఉంది. తమ్ముణ్ని చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వేనా బాబూ కెప్టెన్‌వి. ఫొటోలో చూపించేవారు." అతని కట్టు వైపు చూసింది. "నొప్పి తగ్గిందా?"

"తగ్గింది పిన్నీ," అన్నాడు తమ్ముడు.

ఆవిడ చూపు పక్కకి తిరిగింది. "ఈవిడ?"

తమ్ముడు 'మా అక్క' అనబోయాడు. అంతవరకే చెప్పి ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేది. లెక్కలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"పాత వంతెన దగ్గర దాటాల్సినవాళ్లని మలుపు దగ్గర దాటమని చెప్పింది నేనండి. ఎందుకు చెప్పానో మీకు చెప్పాలని వచ్చాను. విన్నాక మీరు వెళ్లిపొమ్మంటే వెళ్లిపోతాను."

ఆవిడ కదల్లేదు. పిండి అంటిన చెయ్యి తలుపు మీదే ఉంది. కింది అంతస్తులో సైకిలు గంట మోగింది, ఎవరో పిల్లని కోప్పడ్డారు. ఆ చెయ్యి తలుపుని మూసేస్తుందా, తెరుస్తుందా అన్నది లెక్కలమ్మ ఏ లెక్కకీ అందడం లేదు.

"ఎంతసేపు పడుతుంది చెప్పడానికి?" అంది ఆవిడ.

"చాలాసేపు పడుతుందండి."

"అయితే నిలబడి వినలేను," అని ఆవిడ గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. "లోపలికొచ్చి కూర్చోండి. మొదట్నుంచీ చెప్పండి. తొందరపడి ఏదీ వదిలెయ్యకండి."

లెక్కలమ్మ లోపలికి వెళ్లి, ఆవిడ చూపించిన కుర్చీలో కూర్చుని, అంకెలేవీ చెప్పకుండా, నది ఎంత వెడల్పుంటుందో చెప్పడంతో మొదలుపెట్టింది.